పాత హ్యాండీక్యామ్ టేపు కాపీ చేయడం ఎలా? ముందు లాక్, తర్వాతే కేబుల్!

ముక్త్యాలలో మా ఇంటి బీరువా సర్దుతుంటే ఒక 8 ఎంఎం హ్యాండీక్యామ్, క్యాసెట్ దొరికాయి. లేబుల్ మీద "పుష్కరాలు 2004" అని ఉంది. కృష్ణ ఒడ్డున బాబాయ్ తీసిన వీడియో. మా తాతయ్య గొంతు ఇప్పుడు ఆ టేపులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ చిన్న క్యాసెట్ మామూలు వీసీఆర్‌లో పట్టదు. కాబట్టి హ్యాండీక్యామ్‌లో ప్లే చేస్తూ, రెండో మెషీన్‌లో రికార్డ్ చేయాలి.

1. లాక్: క్యాసెట్ అంచున చిన్న ట్యాబ్ ఉంటుంది. ఎర్ర రంగు కనిపించేలా జరపండి. ఇక దాని మీద ఏదీ రికార్డ్ కాదు.

2. మెషీన్: మీ దగ్గరున్నది వీసీఆరా, వీసీపీనా చూసుకోండి. వీసీపీ ప్లే మాత్రమే చేస్తుంది.

3. కేబుల్: హ్యాండీక్యామ్ ఏవీ అవుట్ నుంచి వీసీఆర్ ఏవీ ఇన్‌కి. పసుపు వీడియో, తెలుపు ఎడమ ఆడియో, ఎరుపు కుడి ఆడియో. ఒరిజినల్ కాకుండా వేరే కేబుల్ వాడితే పిన్నుల వరస మారొచ్చు. బొమ్మ రాకపోతే పసుపు, ఎరుపు మార్చి చూడండి.

4. సెట్టింగ్స్: హ్యాండీక్యామ్‌ని కెమెరా మోడ్‌లో కాకుండా ప్లేయర్ మోడ్‌లో పెట్టండి. బ్యాటరీ వద్దు, అడాప్టర్ వాడండి. వీసీఆర్‌లో ఏవీ ఇన్‌పుట్, ఎస్పీ స్పీడ్ ఎంచుకోండి.

5. కాపీ: ముందు వీసీఆర్‌లో రికార్డ్, తర్వాత హ్యాండీక్యామ్‌లో ప్లే. రెండు నిమిషాలు టెస్ట్ చేసి, ఆడియో కూడా వస్తోందో లేదో విన్నాకే మొత్తం చేయండి. గంట టేపుకి గంట పడుతుంది.

నేను తొందరలో హ్యాండీక్యామ్ మీదున్న ఎర్ర బటనే నొక్కేశా! మోడ్ కూడా మార్చలేదు. లాక్ ఉండబట్టి బతికిపోయా.

ఇంకో మాట. అనలాగ్‌లో కాపీ చేసిన ప్రతిసారీ క్వాలిటీ కొంచెం తగ్గుతుంది. పైగా కొత్త వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. అందుకే అవే మూడు వైర్లని వీసీఆర్ బదులు యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్‌కి పెట్టి, ల్యాప్‌టాప్‌లోకి కూడా ఎక్కించండి. సాఫ్ట్‌వేర్‌లో పాల్, 720×576, సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. ఆ ఫైల్‌ని రెండు చోట్ల దాచండి.

మళ్లీ కృష్ణ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా ఆగకుండా మీ ఇంటి బీరువా ఈ ఆదివారమే వెతకండి. ఫోన్‌లో తాతయ్య మాట విని మా నాన్నమ్మ ఒక్కటే అంది: "ఇంకోసారి పెట్టరా."