మొదటి సీజన్ చూసి తీర్పు చెప్పొచ్చా?

2024 ఏప్రిల్‌లో, నేను సెకండియర్‌లో ఉండగా, ఇద్దరు పాయింట్ గార్డ్‌ల మీద ఒకే వారంలో తీర్పు చెప్పేశాను. ఒకరు అమెరికాలో ఎన్‌బీఏ ఆడే స్కూట్ హెండర్సన్. రెండోవాడు మన కాలేజీ టీమ్‌లో ఫస్టియర్ కుర్రాడు. స్కూట్ గురించి హాస్టల్ రూమ్‌లో కూర్చుని నేనేమన్నా అతనికి పోయేదేమీ లేదు. కుర్రాడి విషయంలో మాత్రం నా మాట పనిచేసింది. అందుకే ఈ వ్యాసం.

బాస్కెట్‌బాల్ చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క. పాయింట్ గార్డ్ అంటే జట్టులో బండి తోలేవాడు. బంతి ఎక్కువసేపు అతని చేతిలోనే ఉంటుంది. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో అతనే చూసుకోవాలి. అతని పాస్ అందుకున్నవాడు వెంటనే బాస్కెట్ వేస్తే అది అసిస్ట్. షాట్ దాకా వెళ్లకుండానే బంతి అవతలి జట్టు పాలైతే టర్నోవర్. లీగ్‌లో మొదటి ఏడాది ఆడేవాణ్ణి రూకీ అంటారు.

ముందు నిజం ఒప్పుకుందాం

స్కూట్‌ని 2023 డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌గా పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ తీసుకుంది. ఆ జట్టుకి పదకొండేళ్లు ఆడిన డేమియన్ లిల్లార్డ్‌ని అదే సెప్టెంబర్‌లో మిల్వాకీకి ట్రేడ్ చేసేశారు. అంటే 19 ఏళ్ల కుర్రాడి మీద ఆ ఊరి ఆశంతా పడింది. మాకు పొద్దున ఎనిమిదిన్నరకి మ్యాచ్ మొదలయ్యేది. ఫస్ట్ అవర్ క్లాస్‌లో బెంచీ కింద ఫోన్ పెట్టుకుని స్కోరు చూసేవాణ్ణి.

సీజన్ అయ్యేసరికి అతని లెక్క ఇదీ: 62 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి సగటున 14.0 పాయింట్లు, 5.4 అసిస్టులు, 3.4 టర్నోవర్లు. వేసిన షాట్లలో పడినవి 38.5 శాతం. త్రీ పాయింటర్లలో 32.5 శాతం. జట్టు 21 గెలిచి 61 ఓడింది, వెస్ట్‌లో ఆఖరి స్థానం.

14 పాయింట్లు అంటే పర్వాలేదనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. పాయింట్లు ఎన్ని అని కాదు, ఎన్ని అవకాశాలు ఖర్చు పెట్టి తెచ్చాడు అని అడగాలి. దానికి ట్రూ షూటింగ్ అని ఒక కొలత ఉంది. వేసిన షాట్ల సంఖ్యకి, ఫ్రీ త్రోల సంఖ్యని 0.44తో గుణించి కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లని భాగించండి. స్కూట్‌కి సుమారు 49 శాతం వస్తుంది. ఆ ఏడాది లీగ్ సగటు 58 దగ్గర. ఇది చిన్న తేడా కాదు. కాబట్టి "పాపం చిన్నవాడు, బాగానే ఆడాడు" అనడం కూడా అబద్ధమే. సీజన్ బాగాలేదు. ఇక్కడిదాకా నేను అన్నది తప్పు కాదు.

తప్పు ఆ తర్వాతి వాక్యంలో ఉంది: "వీడి పని అయిపోయింది."

రెండు ప్రశ్నలు, ఒక జవాబు కాదు

"ఎలా ఆడాడు?" అన్నది ఒక ప్రశ్న. "ఏమవుతాడు?" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు స్కోర్‌షీట్‌లో దొరుకుతుంది. రెండోదానికి ఆ షీట్ ఒక సాక్షి మాత్రమే, జడ్జి కాదు. నేను మొదటి ప్రశ్న జవాబుని తీసుకెళ్లి రెండోదాని కింద రాసేశాను.

ఈ తేడా తెలియాలంటే చాన్సీ బిలప్స్ కథ చూడాలి. 1997 డ్రాఫ్ట్‌లో అతనూ మూడో పిక్కే, అతనూ పాయింట్ గార్డే. బోస్టన్ తీసుకుంది. 51 మ్యాచ్‌లకే ఓపిక నశించి టొరంటోకి పంపేసింది. ఆ రూకీ సీజన్‌లో అతని షాట్లు పడింది 37.4 శాతం. ఆ తర్వాత డెన్వర్, ఓర్లాండో, మిన్నెసోటా అంటూ తిరిగాడు. 2002లో డెట్రాయిట్ చేరాడు. 2004లో లేకర్స్‌ని ఓడించి డెట్రాయిట్ ఛాంపియన్ అయినప్పుడు ఫైనల్స్ ఎంవీపీ అతనే. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ఇందులో తమాషా ఏంటంటే, స్కూట్ రూకీ సీజన్‌లో పోర్ట్‌లాండ్ కోచ్ ఈ బిలప్సే.

ఇంకో ఉదాహరణ డియారన్ ఫాక్స్. 2017-18లో శాక్రమెంటోకి రూకీ: 11.6 పాయింట్లు, 4.4 అసిస్టులు. మరుసటి ఏడాదే 17.3 పాయింట్లు, 7.3 అసిస్టులు. 2023లో ఆల్ స్టార్.

కానీ ఇక్కడ ఆగితే అదీ మోసమే

ఇలాంటి కథలు చెప్పడం తేలిక. గెలిచినవాళ్లనే ఏరుకుని "చూశారా, వీళ్లకీ మొదట్లో రాలేదు" అంటే, ప్రతి చెత్త సీజనూ గొప్ప భవిష్యత్తుకి గుర్తులా కనిపిస్తుంది. మునిగినవాళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇమాన్యుయెల్ ముడియే, 2015లో ఏడో పిక్, డెన్వర్. అతనూ 19 ఏళ్లవాడే. రూకీ సీజన్: 12.8 పాయింట్లు, 5.5 అసిస్టులు, 3.2 టర్నోవర్లు, షాట్లు 36.4 శాతం. పేరు మూసేసి చూపిస్తే స్కూట్ షీట్ అనుకుంటారు. పైగా ముడియేకి ఆల్ రూకీ రెండో టీమ్‌లో చోటు దక్కింది, స్కూట్‌కి ఏ టీమ్‌లోనూ దక్కలేదు. అయినా ముడియే నిలదొక్కుకోలేదు. మూడో సీజన్ మధ్యలోనే డెన్వర్ అతన్ని న్యూయార్క్‌కి పంపేసింది. 2020లో డెట్రాయిట్ ఏడో పిక్‌గా తీసుకున్న కిలియన్ హేయ్స్ కూడా అంతే. మొదటి ఏడాది తుంటి గాయం, 35 శాతం షూటింగ్. 2024 ఫిబ్రవరిలో జట్టు వదిలేసుకుంది.

ఒకేలాంటి షీట్‌తో ఒకరు పైకి, ఒకరు కిందకి. మరి ఏం చూడాలి? నేను ఇప్పుడు మూడు చూస్తున్నాను.

ఒకటి: ఏ పని అప్పజెప్పారు? స్కూట్ పక్కన అనుభవం ఉన్న గార్డ్ ఆన్‌ఫర్నీ సైమన్స్ ఉండాల్సింది. అతనికి మొదటి మ్యాచ్‌లోనే బొటనవేలికి గాయమైంది. కొద్ది రోజులకి స్కూట్‌కే చీలమండ బెణికింది. సీజన్ చివరి నెలల్లో మాల్కమ్ బ్రాగ్డన్, షేడన్ షార్ప్ కూడా గాయాలతో బయటే. పాస్ ఇస్తే వేసేవాళ్లు తక్కువ, మీద పడే డిఫెండర్లు ఎక్కువ. దీనివల్ల తప్పులు మాఫీ అయిపోవు. కాకపోతే తప్పుల్లో ఎన్ని అతనివి, ఎన్ని పరిస్థితివి అని విడదీయాలి.

రెండు: ఏ లోపం దిద్దుకోదగ్గది? ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ ఉండడు, కంగారు ఉండదు. చేతిలో షాట్ ఉందో లేదో చాలావరకు అక్కడే తెలుస్తుంది. రూకీ ఏడాది ముడియే ఫ్రీ త్రోలు పడింది 67 శాతం. స్కూట్‌వి దాదాపు 82. అంటే స్కూట్ చెయ్యి బాగానే ఉంది, ఇబ్బంది ఎక్కడ ఏ షాట్ తీసుకోవాలనే నిర్ణయంలో ఉంది అని ఒక ఊహ చేయొచ్చు. ఊహే సుమా, రుజువు కాదు.

మూడు: ఎటు కదులుతున్నాడు? ఒక సీజన్ ఒక చుక్క లాంటిది. ఒక్క చుక్క మీదుగా ఎటైనా గీత గీయొచ్చని మనకి ఇంటర్‌లోనే చెప్పారు. రెండో చుక్క పడేదాకా దిశ తెలియదు.

స్కూట్ రెండో చుక్క 2024-25లో పడింది. 66 మ్యాచ్‌లు, ఎక్కువగా బెంచ్ మీదనుంచి వచ్చి ఆడాడు. పాయింట్లు 12.7కి తగ్గాయి. పాయింట్లే చూసేవాడైతే "ఇంకా దిగజారాడు" అంటాడు. కానీ షాట్లు 41.9 శాతానికి, త్రీలు 35.4కి పెరిగాయి. టర్నోవర్లు 3.4 నుంచి 2.7కి దిగాయి. మొదటి ఏడాది ఒక టర్నోవర్‌కి 1.6 అసిస్టులు, రెండో ఏడాది 1.9. ఫ్రీ త్రోల శాతం మాత్రం కాస్త తగ్గింది, కాబట్టి నా రెండో పాయింట్ మీద కూడా అతిగా నమ్మకం పెట్టుకోకూడదు. స్టార్ అయిపోయాడా? లేదు. పని అయిపోయిందా? అదీ లేదు. మెరుగయ్యాడు. ఇప్పటికి అనగలిగింది ఇంతే.

ఇక మా కుర్రాడు

నాకు ఆడటం రాదు, అందుకే టీమ్‌కి స్కోర్‌షీట్ రాస్తాను. ఆ ఏడాది ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ నుంచి తిరిగొచ్చాక కెప్టెన్ అన్న అడిగాడు, "ఏరా, ఈ ఫస్టియర్ వాడి సంగతేంటి?" అని. నేను షీట్ తిప్పి చూపించాను. "అన్నా, అసిస్టులకంటే టర్నోవర్లే ఎక్కువ. వీడికి ఆట రాదు, వదిలెయ్" అన్నాను. ఆ మాట వాడు వెనకాల నిలబడి విన్నాడని నాకు తర్వాత తెలిసింది. మరుసటి సంవత్సరం వాడు టీమ్‌లో లేడు.

ఈ వ్యాసం కోసం ఆ పాత షీట్ బయటికి తీశాను. పై మూడు ప్రశ్నలూ దాని మీద వేశాను. ఆ టోర్నమెంట్‌లో మా సీనియర్ గార్డ్‌కి కాలు బెణికి, బంతి మోసే పనంతా ఫస్టియర్ వాడి మీదే పడింది. అది షీట్‌లో రాయడానికి గడే లేదు. మంచి పాస్ ఇచ్చినా అవతలివాడు చేజార్చుకుంటే కొన్నిసార్లు ఆ టర్నోవర్ వీడి పేరు మీదే రాశాను. ఫ్రీ త్రోలు చాలావరకు వేశాడు. ఆఖరి మ్యాచ్‌లో టర్నోవర్లు మొదటి మ్యాచ్‌కంటే తక్కువ. వాడు బాగా ఆడాడని అనట్లేదు. ఆడలేదు. కానీ "ఆట రాదు" అనడానికి ఆ కాగితంలో ఆధారం లేదు. అది నేను కలిపిన మాట.

పోయిన వారం మెస్‌లో కనిపిస్తే అడిగాను, "తమ్ముడూ, వచ్చే నెల సెలక్షన్స్‌కి వస్తున్నావా?" అని. "నాకు ఆట రాదు కదన్నా" అని నవ్వి ప్లేటు కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

అచ్చం నేనన్న మాటే. రెండేళ్లుగా దాన్ని మోస్తున్నాడు.

ఆ రాత్రి వాడి రూమ్‌కి వెళ్లి పాత షీట్, నేను మళ్లీ వేసిన లెక్క రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఏది వాడి తప్పో, ఏది నా తప్పో గీత గీసి చెప్పాను. వాడు చాలాసేపు చూశాడు. "ఆలోచిస్తానన్నా" అన్నాడు. వస్తాడో రాడో తెలియదు.

ఈసారి సెలక్షన్స్‌కి కూడా షీట్ రాసేది నేనే. ఇప్పుడు ఒక్కొక్కరి పేరు పక్కన మూడు గడులు అదనంగా గీశాను: ఏ పని ఇచ్చాం, ఏది దిద్దుకోవచ్చు, మళ్లీ ఎప్పుడు చూడాలి. మూడో గడిలో తేదీ వేయకుండా ఎవరినీ తీసేయొద్దని కెప్టెన్‌కి చెప్పాను. మీరు కూడా ఎవరినైనా, చివరికి మీ ఫస్ట్ సెమ్ మార్కుల్నైనా సరే, చూసి తీర్పు చెప్పేముందు ఆ మూడు గడులూ ఒకసారి నింపి చూడండి.