పందుల మేతలో వేరుసెనగ: బూజు గింజలతో ముప్పు

గ్రామ పంచాయతీ సమావేశములలో పందుల ప్రసక్తి వచ్చినచో అది సాధారణముగా ఫిర్యాదు రూపముననే వచ్చును. ఫలానావారి పందులు చేనిలో పడినవనియో, చెరువుగట్టు తవ్వినవనియో సభ్యులు వినుచుందురు. వాటి మేతను గూర్చిన చర్చను మేము అరుదుగా చూచితిమి. అయితే వేరుసెనగ పండించు గ్రామములలో ఈ మేత సంగతి పందులు పెంచుకొను కుటుంబములకు మాత్రమే చెందినది కాదు. పందికి పనికివచ్చునని మిల్లువారు చవుకగా అమ్మివేయు గింజలే ఒక్కొక్కప్పుడు పేదవారి ఇంటి పచ్చడిలోనికి చేరవచ్చును.

ముందుగా వేరుసెనగ గుణమును చెప్పి, దోషమును తరువాత చెప్పెదము. గింజలో ఇంచుమించు సగము నూనె, నాలుగవవంతు మాంసకృత్తులు కలవు. నూనె తీసిన చెక్కలో మాంసకృత్తులు నూటికి 40 పాళ్లకు పైగా ఉండును. పంది ఆవువలె నెమరువేయు జంతువు కాదు. దానికి ఒకే కడుపు. పీచు ఎక్కువగా ఉన్న మేతతో అది బలియదు. కావున కాయపై పెంకును దంచి వేయుట వృథాశ్రమ. మంచి చెక్క అట్లు కాదు. నూరు కిలోల దాణాలో మొక్కజొన్న 60, వేరుసెనగ చెక్క 20, తవుడు 12, ఎండుచేపల పొడి 6, ఖనిజ లవణ మిశ్రమమును ఉప్పును కలిపి 2 కిలోలు ఉండునట్లు చూచుకొన్నచో ఎదుగు పందులకు చాలును. చేపల పొడి ఎందుకని అడుగవచ్చును. పంది ఎదుగుటకు ముఖ్యమైన లైసిన్ అను పదార్థము వేరుసెనగలో తక్కువ. ఆ కొరత తీరనిచో ఎంత చెక్క తినిపించినను ఎదుగుదల రాదు. చేపల పొడి దొరకనిచోట సోయా చెక్కను చేర్చవచ్చును.

గింజలనే మేపదలచినవారు దాణాలో పదింట ఒకవంతు మించనీయకుండుట మేలు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో పూర్వము కాయలు తవ్విన పిమ్మట పందులను చేలలోనికి తోలి, మిగిలిన కాయలను మేపెడివారు. వర్జీనియాలోని స్మిత్‌ఫీల్డ్ పంది మాంసమునకు ఆ మేతవలననే పేరు వచ్చినది. కాని గింజలు మితిమీరి తిన్న పంది కొవ్వు మెత్తబడి, నూనెవలె జారును. అట్టి మాంసమునకు వర్తకులు ధర తగ్గించెడివారు. పిదప మొక్కజొన్న మేపినను ఆ కొవ్వు పూర్తిగా గట్టిపడుట కష్టము. కావున అమ్మకమునకు సిద్ధమగు పందులకు గింజలను చాల ముందుగానే మానిపింపవలెను. కోనసీమలో దొరకు కొబ్బరి చెక్కకు ఈ దోషము లేదు. దానితో కొవ్వు గట్టిగానే ఉండును.

ఇక అసలు సంగతికి వత్తము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొద్ది నెలలలోనే చనిపోయినవి. కారణమేమని వెదకగా, అవి తిన్న దాణాలో బ్రెజిల్ దేశమునుండి వచ్చిన వేరుసెనగ చెక్క ఉన్నట్లు తేలినది. ఆ చెక్కవలన పందుల కాలేయము కూడ చెడునని 1961లోనే అక్కడి పశువైద్యులు ప్రకటించిరి. ఆస్పెర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించు విషమే ఇందులకు మూలము. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి.

ఈ విషమునకు రంగు, రుచి లేవు. గింజను వేయించినను, ఉడికించినను, బూజును తుడిచివేసినను అది పోదు. గానుగలో ఆడించినచో నూనెలోనికి కొంతయే పోయి, అధికభాగము చెక్కలో నిలిచిపోవును. కావున “ఉడికించి వేయుచున్నాము, భయము లేదు” అనువారి మాట నమ్మదగినది కాదు.

అన్ని పందులు ఒకే విధముగా దెబ్బతినవు. అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ మొక్కజొన్న, వేరుసెనగ మేతలకు పెట్టిన హద్దులను చూడుడు. 45 కిలోలు దాటి బలియుచున్న పందులకు కిలో మేతలో 200 మైక్రోగ్రాములు. ఈనికకు ఉంచిన పందులకు 100. చిన్న పిల్లలకు 20 మాత్రమే. అనగా పెద్ద పంది నిబ్బరముగా తిని తిరిగిన మేతయే పిల్లను చంపవచ్చును. తల్లి తిన్న విషము పాలద్వారా కూడ పిల్లలకు దిగును. నాలుగు పందులున్న ఇంటిలో ఒక ఈత పిల్లలు పోయినచో ఆ సంవత్సరపు ఆదాయమే పోయినట్లు.

మనుష్యులకును ఈ ముప్పు కలదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గ్రామములలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కామెర్లతో మరణించిరి. ఆ ఇండ్ల కుక్కలును చచ్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అచటికి పోయి విచారించి, ఇది అఫ్లాటాక్సిన్ పనియేయని తెలిపిరి. దాణాలో అధికభాగము మొక్కజొన్నయే గదా. దానిని కూడ వేరుసెనగవలెనే పరీక్షించి కొనవలెను.

బూజు ఇంటిలోనే పుట్టునని తలచుట పొరపాటు. కాయ ఊరు సమయమున వాన వెనుదీసి పైరు బెట్టకు గురియైనను, చెదలు కాయను తొలిచినను, భూమిలో ఉండగానే బూజు చేరును. అనంతపురమువంటి మెట్టప్రాంతములలో ఇది తరచు జరుగుట సహజము. పెరికిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు బోర్లించి ఆరవేయవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్లకు మించకుండ ఎండవలెను. గలగలలాడు కాయను గుప్పిట ఊపి చూచిన రైతుకు ఇది తెలిసిన విద్యయే. కాయలు సులువుగా వలువబడునని, గింజ పగులదని మిల్లుకు తెచ్చుటకు ముందు నీళ్లు చల్లు వాడుక కలదు. ఈ అలవాటును మేము గట్టిగా ఖండించుచున్నాము. అరపూట సౌకర్యమునకై గోతాములో బూజును విత్తినట్లగును.

మిల్లులో ఏరివేసిన ముడత గింజలు, రంగు మారినవి, పురుగు తొలిచినవి, మొలకెత్తినవి, వీటిలోనే విషము అధికముగా చేరి ఉండును. అవియే చవుకగా పందులవారికి అమ్ముడగుచున్నవి. పంచాయతీ సభ్యులు మిల్లు యజమానులతో మాటలాడి, ఆ గింజలను మేతకును, తిండికిని అమ్మకుండ చూడవలెను. ఊరి ఎరువు గోతిలో పైపైన పోసినచో పందులు తవ్వి తినును గనుక లోతుగా పూడ్పించవలెను. ఇట్లు ఆపునప్పుడు, చవుక మేత పోయిన కుటుంబములకు బదులేమి అను ప్రశ్నను దాటవేయరాదు. నాలుగైదు ఇండ్లవారు కలిసి మంచి చెక్కను బస్తాలుగా కొన్నచో ధర కొంత కలిసివచ్చును. బస్తాలను నేలపై గాక కట్టెల మంచెపై, గోడకు దూరముగా ఉంచవలెను.

మరి రెండు జాగ్రత్తలు. చూపునకు ఇంచుమించు వేరుసెనగ చెక్కవలె కనబడు ఆముదపు చెక్క కేవలము ఎరువు. అందులోని రిసిన్ అను విషము పందులను చంపగలదు. రెండు చెక్కలను ఒక కొట్టులో నిలువచేయరాదు. జీడిగింజల పెంకులోని నూనె నోటిని, పేగులను పొక్కించును. పలాస ప్రాంతమున పెంకు కుప్పలవద్దకు పందులను పోనీయరాదు.

పంది మేత ముట్టక, వెండ్రుకలు గరుకెక్కి, కండ్లు పచ్చబడి, ముక్కునుండియో పేడలోనో రక్తము కనబడినచో వెంటనే ఆ మేతను నిలిపి పశువైద్యుని పిలువవలెను. ఈ విషమునకు విరుగుడు మందు లేదు. మేత మార్చుటయే మొదటి చికిత్స. చచ్చిన పందిని కోసి తినరాదు, అమ్మరాదు. మిగిలిన దాణానుండి ఒక కిలోను ప్లాస్టిక్ సంచిలో గాక పొడి గుడ్డసంచిలో కట్టి, కొన్న తేదీని, అమ్మినవాని పేరును చీటీపై వ్రాసి వైద్యునికి అందజేయవలెను. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి త్రోవలోనే బూజు పెరుగును.