తోపులలో సంపెంగ పెంపకము

మామిడితోపులు గల రైతులు పలువురు తోపు అంచులయందు సంపెంగను నాటుచుందురు. అట్లు నాటిన వానిలో పూతకు వచ్చునవి కొన్నియే. నాలుగైదేండ్లు పచ్చగా పెరిగిన మొక్క ఒక వేసవిలో ఆకులు పసుపువారి, చివుళ్లెండి, తొలకరికి ముందే చచ్చుట తరచుగా చూచుచున్నాము. నీరు చాలలేదని రైతు తలంచును. పెక్కుచోట్ల కారణమది కాదు. తోపులో రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టుదురు. చెట్టు మొదట లోతుగా త్రవ్వుదురు. ఆ బూడిదనే తెచ్చి పాదులో పోయుదురు. ఈ మూడు పనులును సంపెంగకు చేటు.

సంపెంగ మాగ్నోలియా కుటుంబమునకు చెందిన వృక్షము. 1753లో లిన్నేయసు దీనికి మిచీలియా చంపక అని పేరుపెట్టెను. నేటి శాస్త్రజ్ఞులు మాగ్నోలియా చంపక అనుచున్నారు. మన గుట్టలపై పెరుగు సీతాఫలమును, పందిళ్లకు ప్రాకు మనోరంజితమును దీనికి దూరపు చుట్టములే. కాని సీతాఫలము రాళ్లలోనైన బ్రతుకును, సంపెంగ బ్రతుకదు. ఇది తూర్పు హిమాలయపు దిగువకొండలలోను, పడమటి కనుమలలోను, తేమగల అడవులలో తనంతట పెరుగు చెట్టు. అచ్చట ఏటేట రాలిన ఆకు కుళ్లి నేలపై మెత్తని నల్లపొర ఏర్పడును. ఆ పొర వేసవిలో నేలను చల్లగా నుంచును, వానలలో నీటిని పీల్చుకొనును, చెట్టునకు ఎరువగును. సంపెంగ వేళ్లు కండగలవి. ఒకసారి తెగినచో త్వరగా మానవు.

హిమాలయములందును నీలగిరులందును ఎర్రని గుత్తులుగా పూయు రోడోడెండ్రాను చెట్టు స్వభావమును ఇట్టిదే, ఇంకను సుకుమారము. దాని వేళ్లు వెండ్రుకలవలె సన్నములు. నేల పైపొరయందే అల్లుకొని యుండును. సున్నపు నేలను అది సహింపదు. హుకరు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1848 మొదలు 1850 వరకు సిక్కిము కొండలలో సేకరించిన రోడోడెండ్రాను విత్తనములు ఇంగ్లండునకు చేరెను. అచ్చటి తోటమాలులు ఆ మొక్కలను పెద్దచెట్ల పలుచని నీడలో నాటి, ఆకుకుళ్లు పరచి, వేళ్ల చెంత పార తగులనీయక పెంచిరి. ఆ మొక్కను మన మైదానములకు తెచ్చి ధనము వ్యయపెట్టుట మాత్రము వ్యర్థము. మన వేసవి దానికి పడదు. దానిని పెంచిన రీతి మాత్రము సంపెంగకు అక్కరకు వచ్చును.

నేల సంగతి ముందు చూడవలెను. లోతుగల ఎర్రనేల, గరపనేల మేలు. సింహాచలము కొండ సంపెంగలకు పేరుపొందినది. కొండవాలున నీరు నిలువదు గదా. నల్లరేగడిలో రెండడుగుల యెత్తున ఎర్రమట్టి దిబ్బపోసి దానిపై నాటవలెను. సున్నపురాయి పైకి తేలిన రేగడిలో అసలు నాటకుండుటయే మంచిది.

మూడడుగుల గొయ్యి త్రవ్వి, పైమట్టి, మాగిన పశువులయెరువు, ఆకుకుళ్లు కలిపి నింపి, తొలకరి వానలు పడిన పిమ్మట నాటవలెను. చెట్టునకు చెట్టునకు ఇరువదియైదు అడుగులు విడువవలెను. లేతమొక్క నీడ కోరును, పెరిగిన చెట్టు పూయుటకు ఎండ కోరును. కావున మామిడి నడుమ గాక, తోపునకు తూర్పు అంచున, ఉదయపుటెండ తగులుచోట పెట్టుడు. చింతచెట్టు క్రింద పెట్టరాదు.

గింజ నాటువారు ఆలస్యము చేయరాదు. కాయ పగిలి ఎర్రని కండ కనబడగనే కోసి, ఆ కండను కడిగివేసి, ఎండబెట్టక వెంటనే విత్తవలెను. ఎండిన గింజ మొలవదు. గింజమొక్క పూయుటకు ఎనిమిది, పదియేండ్లు పట్టవచ్చును. అంటుమొక్క రెండు, మూడేండ్లకే పూయును. తెల్లసంపెంగ సాధారణముగా గింజకట్టదు గనుక దానిని పచ్చసంపెంగ మొక్కపై అంటుకట్టియే పెంచుదురు.

ఇక ముఖ్యమైన పని. తోపులో రాలిన ఆకును కాల్పక, చెట్టు పాదులో నాలుగంగుళముల మందమున పరవవలెను. వానలు వెనుకబట్టిన తరువాత, నేలలో తడి యుండగనే పరచుట మంచిది. కాండమునకు జానెడు దూరము విడువవలెను. ఆనించి పోసినచో మొదలు కుళ్లును. ఎండుటాకు చెదలను పిలుచునని కొందరు రైతులు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయినను అది ఆకును తగులబెట్టుటకు కారణము కాదు; పాదులో వేపపిండి చల్లి, ఆకును తడిగా నుంచినచో చెదల బాధ తగ్గును. పాదులో నాగలిగాని పారగాని పెట్టరాదు. కలుపును చేతితో పెరుకవలెను. ఆకుపొర యున్నచోట కలుపు కొద్దిగానే మొలచును.

ఆకు పసుపువారి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో, అది నేలలోని సున్నముచేత ఇనుము అందకపోవుట. ఉప్పుబావుల నీరును, సున్నపు బావుల నీరును దీనిని ఎక్కువ చేయును. చెరువునీరు దొరికినచో అదియే పెట్టుడు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కరగించి, చల్లని వేళ లేత ఆకులపై పిచికారి చేసినచో పచ్చదనము తిరిగివచ్చును. రెండు వారములకు మరల చేయవలెను. బూడిద క్షారగుణము గలది గనుక ఇట్టి చెట్టుకు అది ఎరువు గాదు, విషము. కొబ్బరికి, అరటికి వాడుకొనవచ్చును.

పూవు కోయుటలోను నష్టము జరుగుచున్నది. పూవు లేతరెమ్మల ఆకుల పంగలలో పూయును. కోయువారు చెట్టెక్కి రెమ్మతోగూడ విరిచినచో రాబోవు పూత పోవును. పెద్దకొమ్మ విరిగిన గాయము మానుటకు ఏండ్లు పట్టును. అంటుమొక్క చివుళ్లను చిన్ననాడే గిల్లి చెట్టును పొట్టిగా పెంచినచో నేలపై నిలిచియే కోయవచ్చును. పొడవుచెట్లకు నిచ్చెన వేయవలెను. విచ్చీవిచ్చని పూవును తెల్లవారుజామున కోసి, తడిగుడ్డ పరచిన వెదురుగంపలో పెట్టి, ఎండ యెక్కకమునుపే అంగడికి పంపవలెను.