తాబేలు ఒడ్డుకొచ్చిన రాత్రి

ప్రశ్న: ఫిబ్రవరిలో భీమిలి తీరాన రాత్రిపూట నడుస్తుంటే ఒక పెద్ద తాబేలు ఇసుకలో పాకుతూ కనిపించింది. ఫోన్ లైటు వేసేసరికి వెనక్కి మళ్లి సముద్రంలోకి వెళ్లిపోయింది. ఫొటో ఎలా తీయాలి?

జవాబు: అది గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే అయి ఉంటుంది. గుంత తవ్వుకునేదాకా దానికి బెదురెక్కువ. వెలుగో, మనిషి కదలికో కనబడితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. ఈసారి కనిపించగానే లైటు ఆర్పి, దూరంగా, కదలకుండా కూర్చోండి. గుడ్లు పెట్టేటప్పుడూ ఫ్లాష్ వద్దే వద్దు. దాని కళ్లలో నీరు కారడం చూస్తే మనసు చివుక్కుమంటుంది కానీ, అది ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును గ్రంథులు అలా బయటికి పంపుతాయి.

నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోయాక దాని రెక్కకాళ్ల చారలు మిగులుతాయి. తెల్లవారాక ఏటవాలు ఎండలో వాటిని తీయండి. నాకు తాబేలు ఫొటో కన్నా ఆ చారల ఫొటోయే ఇష్టం. గుడ్లు తాకకుండా అటవీశాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జీవి ఇది. సుమారు 50 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. అవి వెలుగున్న వైపే పరుగెడతాయి కాబట్టి, అప్పుడు ఫోన్ జేబులోనే ఉండాలి.