కండెన్సర్ చిల్లులను పట్టే అతిధ్వనులు

ఆవిరితో నడిచే విద్యుత్కేంద్రంలో టర్బైన్ క్రింద కండెన్సర్ అనే పెద్ద పెట్టె ఉంటుంది. టర్బైన్‌ను త్రిప్పి వచ్చిన ఆవిరి అందులో చల్లబడి, నీరై, మరల బాయిలరును చేరుతుంది. చల్లబరచే నీరు వేలకొలది సన్నని గొట్టాలలో ప్రవహిస్తుంది. ఆవిరి వాటి వెలుపల ఉంటుంది. ఈ రెంటి నడుమ ఉన్నది మిల్లీమీటరుకు అటూ ఇటూగా మందమున్న లోహపు గోడ మాత్రమే.

ఆవిరి వైపు దాదాపు శూన్యం. కాబట్టి గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడినా నీరు లోనికే పీల్చబడుతుంది. బయట చుక్కైనా కనిపించదు. గల్ఫ్ తీరంలోను, విశాఖపట్నం సమీపాన సింహాద్రిలోను వలె సముద్రజలం వాడే చోట ఇది మరింత ప్రమాదకరం. ఆ నీటిలోని మెగ్నీషియం క్లోరైడు బాయిలరు వేడికి హైడ్రోక్లోరికామ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం బాయిలరు గొట్టాలను తినివేస్తుంది. నీటి విద్యుద్వాహకత పెరగడంతో ఎక్కడో చిల్లు పడిందని తెలుస్తుంది. వేల గొట్టాలలో అది ఏది?

సైకిలు షాపువాడు ట్యూబును నీటిలో ముంచి బుడగలు చూస్తాడు. కండెన్సరును అలా నీటితో నింపి చూడాలంటే యంత్రమంతా నిలపాలి. ఇక్కడే అతిధ్వని అక్కరకు వస్తుంది.

ఇరుకు రంధ్రం గుండా వడిగా దూసుకుపోయే గాలి సుడులు తిరుగుతూ శబ్దం చేస్తుంది. అందులో కొంత భాగం మానవకర్ణానికి అందే 20,000 హెర్ట్జ్‌ల హద్దును దాటి ఉంటుంది. పరికరాలు సాధారణంగా 40,000 హెర్ట్జ్‌ల ప్రాంతాన్ని ఆలకిస్తాయి. గాలిలో ఆ తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తరంగాలు సూటిగా సాగుతాయి, త్వరగా క్షీణిస్తాయి. అందుచేత పుట్టినచోటు సులువుగా దొరుకుతుంది. యంత్రశాల హోరులో అధికభాగం తక్కువ పౌనఃపున్యాలదే గనుక దానిని వడగట్టివేయవచ్చు. మిగిలిన అతిధ్వనిని మరొక పౌనఃపున్యంతో మిళితం చేసి, వినదగిన బుసగా మార్చి చెవిగొట్టాలకు అందిస్తారు.

కండెన్సరులో నీటిమార్గం రెండు భాగాలుగా ఉంటే, ఉత్పత్తి తగ్గించి ఒక భాగంలో నీరు తీసివేసి తలుపు తెరుస్తారు. రెండవది పనిచేస్తూనే ఉంటుంది, శూన్యమూ నిలుస్తుంది. ఇప్పుడు చిల్లు గొట్టం నీటికి బదులు గాలిని పీల్చుకుంటుంది. పరిశీలకుడు గొట్టపు మూతులన్నింటి ముందూ పరికరాన్ని నెమ్మదిగా నడుపుతాడు. బుస హెచ్చినచోట ఆ గొట్టపు రెండు చివరలకూ బిరడాలు బిగిస్తారు. ఒక చివరనే మూస్తే గాలి రెండవ వైపునుంచి వస్తుంది. తొందరపడేవారు ఇక్కడే మోసపోతారు. రెండూ మూసినా శబ్దం ఆగకపోతే దోషం పక్క గొట్టంలోనో, గొట్టం ఫలకంతో కలిసే అతుకులోనో ఉన్నట్టు. మంచి గొట్టాన్ని మూసి వస్తే చల్లబరచే శక్తి కొంత తరుగుతుంది, ఉప్పునీరు మాత్రం వస్తూనే ఉంటుంది.

మూతులపై సబ్బునురుగు పూసి, ఎక్కడ లోనికి లాగబడుతుందో చూసే పాత పద్ధతీ చెడ్డది కాదు. కాని వేల మూతులకు పూయడానికి ఓర్పు కావాలి.

రంధ్రం మరీ సూక్ష్మమైతే గాలి సుడి తిరగక మెల్లగా జారిపోతుంది, శబ్దమే పుట్టదు. అటువంటి చిల్లులకు హీలియం వాయువును వదలి, ద్రవ్యరాశి వర్ణమాపకంతో దాని జాడ తీయవలసిందే.