స్టూలు వేశాక మాట్లాడదాం
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మాది చీరల షాపు. ఆరుగురు అమ్మాయిలు పనిచేస్తున్నారు. అమ్మకం మీద ఒక శాతం ఇన్సెంటివ్ పెట్టాను. కెమెరాలు పెట్టించాను. నెలకో మీటింగు పెట్టి చెప్పాల్సినవన్నీ చెప్తున్నాను. అయినా ఎవరిలోనూ హుషారు లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒక్కొక్కరే స్టాకు రూములోకి జారుకుంటారు. పని వచ్చిన పిల్ల మూడు నెలలకే కొత్తగా తెరిచిన మాల్‌కి వెళ్లిపోతోంది. వీళ్లలో ఉత్సాహం తెప్పించేదెలా?
- ఒక యజమాని, భీమవరం

జవాబు: ఇన్సెంటివ్, కెమెరా, మీటింగు అన్నీ రాశారు గానీ కూర్చునే చోటు గురించి ఒక్క మాట రాయలేదు. స్టాకు రూములో ఏముంటాయి? బట్టల మూటలుంటాయి, వాటి మీద కూర్చోవచ్చు. మీ పిల్లలు బద్ధకించి అక్కడికి వెళ్లడం లేదండీ, కాళ్లు లాగి వెళ్తున్నారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిదాకా, అన్నం తినే కాసేపు తప్ప, నిలబడే ఉంటే ఎవరైనా అంతే. ఒక ఆదివారం గల్లాపెట్టె దగ్గర మీ కుర్చీ తీయించేసి రోజంతా నిలబడి చూడండి. ఆపైన రాత్రి ఎనిమిదింటికి వచ్చిన పార్టీకి నలభయ్యో చీర నవ్వుతూ విప్పి చూపించండి.

ఒకప్పుడు మన బట్టల కొట్లలో ఈ బాధ లేదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద గుమాస్తా కూర్చునేవాడు, ఎదురుగా కొనేవాళ్లూ కూర్చునేవాళ్లు. బేరం నింపాదిగా సాగేది. అద్దాల కౌంటర్లు వచ్చాక కొనేవాళ్లకి స్టూళ్లు మిగిలాయి, అమ్మేవాళ్లకి పోయాయి. కౌంటర్ వెనక మనిషి కూర్చుంటే కస్టమర్‌కి అమర్యాద అని ఎవరు మొదలుపెట్టారోగానీ, అందరూ నమ్మేశారు. బ్యాంకులో క్యాషియర్ కూర్చునే డబ్బిస్తాడు. మనమెవరమైనా నొచ్చుకున్నామా?

కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకి కూర్చునే వీలే కాదు, మూత్రానికి వెళ్లే వీలు కూడా ఉండేది కాదు. విజి అనే దర్జీ వాళ్లని కూడగట్టి, 'పెన్‌కూట్టు' అనే సంఘం పెట్టి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే వసతి ఉండాల్సిందేనంది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. అక్కడి జనం చీరలు కొనడం మానలేదు. మీరు చట్టం కోసం చూడనక్కర్లేదు, ఆరు స్టూళ్లు ఎంతవుతాయి? కస్టమర్ గుమ్మం ఎక్కితే లేస్తారు, ఎవరూ లేనప్పుడు కూర్చుని మడతలు పెట్టుకుంటారు.

ఇక మీ ఒక శాతం సంగతి. ఎవరి బిల్లు వాళ్లదే అంటే ఏమవుతుందో మీ కెమెరాలోనే చూడండి. పెళ్లిబట్టలకి వచ్చిన పార్టీకి ముగ్గురు ఎదురెళ్తారు. జాకెట్టు ముక్క కోసం వచ్చిన ముసలమ్మని ఎవరూ పలకరించరు. ఆ ముసలమ్మ మనవరాలికి శ్రావణంలో ముహూర్తం పెట్టారేమో మీకేం తెలుసు? మడతలు పెడితే పైసా రాదు కాబట్టి విప్పిన చీరల గుట్ట దగ్గరికి ఎవరూ రారు. 'నీ పార్టీ విప్పించినవి నువ్వే పెట్టుకో' అని గొడవ మొదలవుతుంది. ఆ గొడవ పెట్టింది పిల్లలు కాదు, మీ లెక్క. ఆ శాతాన్ని షాపు మొత్తం అమ్మకం మీద కట్టి ఆరుగురికీ సమానంగా పంచండి. ఏడాది దాటినా కదలని స్టాకు అమ్మిన పిల్లకి మాత్రం చీరకింత అని విడిగా, ఆ సాయంత్రమే చేతిలో పెట్టండి.

మాల్‌కి వెళ్లినవాళ్లని అడిగి చూడండి, జీతం ఒక్కటే కారణమని అనరు. అక్కడ జీతం ఏ తారీకున పడుతుందో తెలుసు, వారం సెలవు ఏ రోజో ముందే తెలుసు, జ్వరమొస్తే ఈఎస్ఐ కార్డు ఉంది. ఈఎస్ఐ పదిమంది పనిచేసే చోటనే తప్పనిసరి, మీ షాపుకి ఆ నిర్బంధం లేదు, సరే. తారీకూ సెలవూ మీ చేతిలోవే కదా? 'రేపు ముహూర్తాల రద్దీ, సెలవు లేదు' అని ముందురోజు రాత్రి చెప్పడం మానండి.

మీటింగులో చెప్పాల్సినవన్నీ చెప్తున్నానన్నారు. ఈ నెల మీరేం చెప్పకండి. జనం ఏమడిగి, లేదంటే వెనక్కి పోతున్నారో వాళ్లనడిగి రాసుకోండి. సూరత్‌కి ఆర్డర్ పెట్టే ముందు మీకు పనికొచ్చేది ఆ కాగితమే.

ప్రశ్న: మా మొబైల్ షాపులో కుర్రాడు ఎప్పుడు చూసినా ఫోన్‌లోనే ఉంటాడు. డ్యూటీలో ఫోన్ తీసేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ప్రశ్న నాకు వాట్సాప్‌లో ఉదయం పదకొండున్నరకి వచ్చింది, షాపు తెరిచే ఉంది కదా?

ప్రశ్న: మాది మెడికల్ షాపు. నెలాఖరు స్టాకు లెక్కలో 4,200 రూపాయలు తేడా వచ్చింది. ముగ్గురు కుర్రాళ్లకీ తలా 1,400 కోశాను. అప్పటినుంచి ముగ్గురూ ముఖాలు మాడ్చుకుని తిరుగుతున్నారు. కోయకపోతే భయమెలా ఉంటుంది?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందు ఆ డబ్బు తిరిగి ఇచ్చేయండి. సరుకు ఎవరికి ప్రత్యేకంగా అప్పగించారో, ఎవరి నిర్లక్ష్యం వల్ల నష్టం వచ్చిందో ఆ మనిషి దగ్గరే, అదీ అతను చెప్పుకునేది విన్నాకే కోత పెట్టాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం అదే చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెప్తోంది. ముగ్గురిలో ఎవరో తేలక ముగ్గురికీ పంచారంటే, ఇద్దరు నిర్దోషులకి శిక్ష వేశానని మీరే ఒప్పుకున్నట్టు.

పైగా ఆ 4,200 ఎవరూ కాజేసి ఉండకపోవచ్చు. డేటు అయిపోయిన మందులు డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి వెళ్లాయి, క్రెడిట్ నోట్ వచ్చిందా? స్కీములో రావాల్సిన ఫ్రీ స్ట్రిప్పులు రాకుండానే కంప్యూటర్‌లో ఎక్కాయా? స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు అమ్మినప్పుడు బిల్లు కొడుతున్నారా? అడగడానికి మొహమాటంగా ఉందిగానీ, ఇంట్లో వాళ్లు బీపీ మాత్రలు, పిల్లల డైపర్లు షాపులోంచే తెచ్చుకుంటారు కదా, అవి ఎక్కడ రాస్తున్నారు? కౌంటర్ కింద ఒక నోటుబుక్కు కట్టి, మొదటి పేజీలో మీ ఇంటి వాడకమే రాయండి. భయం సంగతి తర్వాత. భయపడే కుర్రాడు తప్పు మందు ఇచ్చినా దాచేస్తాడు. మందుల షాపులో అది మీకు 4,200తో పోదు.

ప్రశ్న: హార్డ్‌వేర్ షాపులో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాని. పెద్దాయన ఏనాడూ నన్ను తక్కువ చేసి మాట్లాడలేదు. చదువు ముగించుకుని వచ్చిన అబ్బాయిగారు కస్టమర్ల ముందే 'ఒరేయ్' అంటున్నాడు. మానేద్దామనుంది.
- పేరు వద్దన్న పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే మానెయ్యకండి. పెద్దాయన దగ్గరికీ వెళ్లకండి, చాడీ చెప్పినట్టవుతుంది. కొట్టు కట్టేసే వేళ అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు చెప్పండి: 'బాబూ, మేస్త్రీల ముందు మీరు నన్నలా పిలిస్తే, రేపు నేను చెప్పిన రేటు వాళ్లు నమ్మరు. మీతోనే తేల్చుకుంటామంటారు.' మీ పరువు అతనికి పట్టకపోవచ్చు, రేటు పడుతుంది. ఆ ప్లంబర్లూ మేస్త్రీలూ ఎవరి ముఖం చూసి వస్తున్నారో అతనికి ఇంకా తెలియదు. ఓ నెల చూసి, మారకపోతే అప్పుడు పెద్దాయనకి చెప్పండి. అప్పటికీ అంతే అయితే మీ పద్దెనిమిదేళ్ల అనుభవానికి ఎదురు షాపువాడు కుర్చీ వేసి మరీ పిలుస్తాడు. (చూశారా, మళ్లీ కుర్చీ దగ్గరికే వచ్చాను.)

ప్రశ్న: కిరాణా కొట్టు, నలుగురు పనివాళ్లు. దసరాకి బోనస్ ఇవ్వాలని చట్టం ఉందా? ఇస్తే ఎంత ఇవ్వాలి? డబ్బుకి బదులు బట్టలు పెడితే సరిపోతుందా?
- ఒక వ్యాపారి, జగిత్యాల

జవాబు: బోనస్ చట్టం ఇరవై మంది, ఆ పైన పనిచేసే చోటికే. అక్కడైనా కనీసం జీతంలో 8.33 శాతం, అంటే ఏడాదికి సుమారు ఒక నెల జీతం. నలుగురే కాబట్టి మిమ్మల్ని అడిగేవాళ్లు లేరు. కానీ బతుకమ్మ, దసరా రద్దీలో అర్ధరాత్రిదాకా పొట్లాలు కట్టినవాళ్లకి ఎంతివ్వాలో లెక్కకి ఆ నెల జీతమే మంచి కొలత. బట్టలు పెడితే సంతోషమే, డబ్బు ఇచ్చాక పెట్టండి. ఇచ్చేదేదో పండక్కి పది రోజుల ముందే ఇవ్వండి. ముందురోజు రాత్రి పదింటికి కవరు చేతిలో పెడితే వాళ్లు పిల్లలకి బట్టలు ఎప్పుడు కొంటారు? ఇంకోటి, గోదాంలో పడి ఉన్న గిఫ్ట్ ప్యాకులు, డేటు దగ్గరపడ్డ బిస్కెట్లు బోనస్ పేరుతో పంచకండి. ఆ డబ్బాలు ఎప్పుడొచ్చాయో మీకంటే వాళ్లకే బాగా తెలుసు, దించింది వాళ్లే.