బిట్‌కాయిన్ సొంత వాలెట్: పన్నెండు మాటలను భద్రపరచుకునే విధానం

రాజమహేంద్రవరం: అంబాజీపేటలో కొన్న కొబ్బరిని ధర వచ్చేదాకా వేరొకరి గోడౌనులో నిలవ వుంచిన వర్తకుని చేతిలో సరుకు వుండదు, రసీదు మాత్రం వుంటుంది. గోడౌను యజమాని మాట మీద నిలబడినంత కాలం రసీదుకూ సరుకుకూ తేడా తెలియదు. ఎక్స్ఛేంజిలో బిట్‌కాయిన్ కొని అక్కడే వుంచిన వారి పరిస్థితి కూడా ఇంతే. వారి ఫోనులో కనిపించే అంకె ఎక్స్ఛేంజి వారు తమ పుస్తకంలో రాసుకున్న బాకీ. నాణెం తాళం మాత్రం ఎక్స్ఛేంజి వద్దనే వుంటుంది.

ఈ తేడా 2024 జులై 18న దేశంలో చాలామందికి తెలిసివచ్చింది. వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి వాలెట్ ఒకదాని నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల, అనగా దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువగల నాణేలు దొంగల పాలయ్యాయి. ఖాతాదారుల సొమ్ము స్తంభించిపోయింది. వ్యవహారం సింగపూరు హైకోర్టుకు వెళ్ళింది. 2025 అక్టోబరులో గాని లావాదేవీలు తిరిగి మొదలు కాలేదు. ఇది ఉత్తర కొరియా ముఠాల పని అని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు 2025 జనవరిలో సంయుక్తంగా ప్రకటించాయి. ఎవరి పని అయినా, ఆ పదిహేను నెలలూ ఖాతాదారు చేతిలో వున్నది రసీదే.

ఇటువంటి దెబ్బ తగలకుండా కొందరు నాణేలను సొంత వాలెట్‌కు మార్చుకుంటారు. నాణేలు కొనమని గాని, వద్దని గాని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఇప్పటికే కొన్నవారు తాళం తమ చేతికి తీసుకుంటే ఏమి చేయాలి, ఏమి చేయరాదు అన్నదే విషయం. ఎక్స్ఛేంజి వల్ల వచ్చే ప్రమాదం తప్పినచోట మరొకటి వస్తుంది. పొరపాటు జరిగితే ఫిర్యాదు తీసుకునే మేనేజరు అక్కడ ఎవరూ వుండరు.

వాలెట్‌లో వుండేది ఏమిటి

వాలెట్ అన్న పేరే కొంత దారి తప్పిస్తుంది. అందులో నాణెం వుండదు. నాణేలన్నీ ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే విధంగా రాసివున్న ఒక చిట్టాలో పద్దులుగా వుంటాయి. ఫలానా పద్దులోని నాణేన్ని కదిలించే హక్కు తనకున్నదని రుజువు చేసే రహస్య సంఖ్య ఒకటి వుంటుంది. దానినే ప్రైవేట్ కీ అంటారు. వాలెట్ ఆ సంఖ్యను దాచి, అవసరమైనప్పుడు దానితో సంతకం పెడుతుంది. అంతకు మించి దానికి పని లేదు. కనుక ఫోను పోయినా, పరికరం పగిలినా నాణెం పోదు. సంఖ్య పోతే పోతుంది.

ఆ సంఖ్యను మనిషి రాసుకోవడం కష్టం కనుక 2013లో ఒక పద్ధతి ఏర్పడింది. 2,048 ఇంగ్లీషు మాటల పట్టిక నుంచి 12 గాని, 24 గాని మాటలను వాలెట్ తానే ఏరి వరుసగా చూపుతుంది. ఆ మాటల నుంచి తాళాలన్నీ తిరిగి పుట్టించవచ్చు. పన్నెండు మాటలతో వచ్చే కూర్పుల సంఖ్య 39 అంకెలు గలది. ఊహించి పట్టుకోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుచేత దొంగ లెక్కలు కట్టడు, మాటలు రాసిన కాగితం కోసం వెతుకుతాడు.

ఇక్కడ కొందరు అతితెలివికి పోతారు. మాటల వరుస మార్చి రాసుకుంటే దొంగకు అర్థం కాదనుకుంటారు. పన్నెండు మాటలూ తెలిసి వరుస ఒక్కటే తెలియనప్పుడు వీలైన వరుసలు సుమారు 48 కోట్లు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే గాని కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. పైగా మాటల చివరలో ఒక తనిఖీ ఇమిడి వుంటుంది. తప్పు వరుసల్లో పదహారింట పదిహేను దాని దగ్గరే ఆగిపోతాయి కనుక దొంగ పని ఇంకా తేలికవుతుంది. ఏళ్ళు గడిచాక అసలు వరుస మరచిపోయి ఇబ్బంది పడేది యజమానే. కాగితాన్ని రెండుగా చించి రెండు చోట్ల దాచడమూ అంతే. ఏ ఒక్క ముక్క పోయినా మొత్తం పోతుంది.

రాసే విధానం

మాటలను చేతితో కాగితం మీద రాయాలి. ఫోనుతో ఫొటో తీయరాదు, వాట్సాప్‌లో తమకు తాము పంపుకోరాదు, ఈమెయిలులో దాచరాదు. ఫోనులోని ఫొటోలను చదివి ఈ మాటల కోసమే గాలించే స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రాము అధికారిక యాప్ స్టోర్లలోని యాప్‌లలోనే దాగి వున్నదని కాస్పర్‌స్కీ సంస్థ 2025 ఫిబ్రవరిలో బయటపెట్టింది. అదీగాక నేటి ఫోన్లు చాలావాటిలో ఫొటోలు వాటంతట అవే కంపెనీ కంప్యూటర్లకు ఎక్కే ఏర్పాటు వుంటుంది.

కాగితానికి చెదలు పడతాయి, నిప్పు అంటుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసిన గోదావరి జిల్లాల వారికి నీటిలో కాగితం ఎంతసేపు నిలుస్తుందో చెప్పనక్కరలేదు. పెద్ద మొత్తమైతే మాటలను స్టీలు రేకు మీద కొట్టుకోవడం మంచిది. పట్టికలోని ప్రతి మాటనూ మొదటి నాలుగు అక్షరాలతోనే గుర్తుపట్టవచ్చు కనుక పన్నెండు మాటలకు 48 అక్షరాలకు మించవు. స్టీలు సామాన్ల కొట్టులో గ్లాసుల మీద పేర్లు వేసే మిషనుతో ఇది పది నిమిషాల పని. కాని అక్షరాలు వేసే కుర్రవాడు వాటిని చదువుతాడు. ఇనుప సామాన్ల కొట్టులో అక్షరాల పంచ్‌ల సెట్టు కొనుక్కుని ఇంట్లో సుత్తితో కొట్టుకోవడమే మేలు. వంకరగా పడినా ఫరవాలేదు. ఇటువంటివి రెండు చేసి ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకరులో వుంచుకోవచ్చు.

పరికరం, తొలి పరీక్ష

రోజువారీ వాడకానికి ఫోనులోని వాలెట్ చాలు. అది గల్లాపెట్టె వంటిది. గల్లాపెట్టెలో ఎంత వుంచుతారో అంతే అందులో వుంచాలి. మిగతా మొత్తానికి ఇనప్పెట్టె కావాలి. ట్రెజర్, లెడ్జర్ వంటి చిన్న పరికరాలు తాళాన్ని లోపలే వుంచుకుని, ఇంటర్నెట్‌కు చూపకుండా సంతకం పెడతాయి. వీటిని తయారీదారు వద్ద గాని, వారు నియమించిన డీలరు వద్ద గాని కొనాలి. పాతది, ఎవరో వాడినది చవకగా వస్తున్నదని కొనరాదు. పెట్టెలో ముందే అచ్చువేసిన మాటల కార్డు వుంటే అది దొంగ పరికరమే. ఆ మాటలు అప్పటికే మరొకరి దగ్గర వున్నాయన్నమాట. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు పెద్దఎత్తున బయటికి పొక్కాయి. ఆ తరువాత కొందరి ఇళ్ళకు కంపెనీ పంపినట్టే నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి.

అసలు మెళకువ నాణేలు పంపే ముందు వున్నది. చాలామంది మాటలు రాసుకుని, రాసినది సరిగా వున్నదో లేదో చూడకుండానే మొత్తం పంపేస్తారు. అలా కాక, ముందుగా వాలెట్ చూపే చిరునామాను విడిగా రాసుకోవాలి. తరువాత పరికరాన్ని పూర్తిగా చెరిపివేయాలి. రాసుకున్న కాగితం ఒక్కటే ఆధారంగా వాలెట్‌ను తిరిగి పుట్టించాలి. అదే చిరునామా వస్తే కాగితం సరైనది. రాకపోతే నష్టం ఏమీ లేదు, పెట్టె ఇంకా ఖాళీయే. ఈ పరీక్ష అయిన తరువాతనే ఎక్స్ఛేంజి నుంచి చిన్న మొత్తం పంపి, చేరినదని చూసుకుని మిగతాది పంపాలి.

పంపేటప్పుడు ఏ నెట్‌వర్కు మీద పంపుతున్నదీ చూడాలి. డాలరుతో ముడిపెట్టిన యు.ఎస్.డి.టి. నాణెం ట్రాన్ మీదా వుంది, ఎథీరియం మీదా వుంది. రెండూ వేరువేరు రైళ్ళు. ట్రాన్ చిరునామా ఇంగ్లీషు టి అక్షరంతోనూ, ఎథీరియం చిరునామా సున్నా, ఎక్స్‌తోనూ మొదలవుతాయి. తిరిగి పంపాలంటే ఆ నెట్‌వర్కు సొంత నాణెం కొంత కిరాయికి వుండాలి. అది లేక సరుకు వుండీ బండి కదలని వారు చాలామంది.

చిరునామాను మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు చూసి వదిలేసే అలవాటు ప్రమాదకరం. 2024 మే నెలలో ఒక వ్యక్తి సరైన చిరునామాకు ముందు కొద్ది మొత్తం పంపి చూశాడు. దొంగలు వెంటనే అచ్చం అలాగే మొదలై, అలాగే ముగిసే చిరునామా ఒకటి సృష్టించి అతని లావాదేవీల జాబితాలో కనబడేట్టు చేశారు. అతను జాబితా నుంచి దానినే ఎత్తి రాసి సుమారు 6.8 కోట్ల డాలర్లు పంపేశాడు. అదృష్టవశాత్తూ సొమ్ము చాలావరకు తిరిగి వచ్చింది. అందరికీ అలా రాదు. పాత జాబితా నుంచి చిరునామా ఎత్తి రాయరాదు. ప్రతిసారీ అసలు చోటు నుంచే తీసుకుని పరికరం తెర మీద మొత్తం చదవాలి.

చదవకుండా పెట్టే సంతకం

వజీర్‌ఎక్స్ వాలెట్ ఒక్క తాళంతో తెరుచుకునేది కాదు. ఆరుగురు సంతకందారులలో నలుగురి ఆమోదం కావాలి. అయినా పోయింది. కంప్యూటర్ తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, నిజంగా సంతకం పడినది మరొకటి అని కంపెనీ ప్రకటించింది. 2025 ఫిబ్రవరి 21న దుబాయిలోని బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి సుమారు 150 కోట్ల డాలర్లు పోయినదీ ఇదే తరహాలో. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టరాదని మార్కెట్‌లో ఎవరికీ చెప్పనక్కరలేదు గాని, వాలెట్‌లో "అప్రూవ్" మీట నొక్కేటప్పుడు మాత్రం అదే పని చేస్తారు. ఎక్కువ లాభం చూపే ఏదో సైటుకు వాలెట్ కలిపి ఒకసారి అనుమతి ఇస్తే, అది మొత్తం నాణేలకూ, గడువు లేని అనుమతి కావచ్చు. అవసరం తీరిన వెంటనే రద్దు చేసుకోవాలి. మాటలు చెప్పమని ఫోను చేసే "కస్టమర్ కేర్" వాడు ఏ కంపెనీ పేరు చెప్పినా దొంగే. ఏ కంపెనీకీ వాటితో పని లేదు.

వారసుల సంగతి

సొంత వాలెట్‌లో అందరూ వాయిదా వేసేది ఇదే. యజమాని హఠాత్తుగా పోతే బ్యాంకు ఖాతాకు నామినీ వున్నాడు, పొలానికి దస్తావేజు వుంది, వాలెట్‌కు ఏదీ లేదు. మాటలు దొరకకపోతే ఏ కోర్టు ఉత్తర్వూ ఆ నాణేన్ని కదిలించలేదు. కెనడా ఎక్స్ఛేంజి క్వాడ్రిగా అధిపతి జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో మరణించినప్పుడు తాళాలు ఆయన ఒక్కరికే తెలుసునని కంపెనీ చెప్పింది. అక్కడి కమిషన్ 2020లో విచారించి నష్టంలో చాలాభాగం కాటన్ మోసం వల్లనే వచ్చిందని తేల్చింది, అది వేరు కథ. కాని ఆ సాకును అందరూ కొంతకాలం నమ్మగలిగారంటే కారణం, అలా జరగడం పూర్తిగా సాధ్యమే కనుక.

వీలునామాలో మాటలు రాయరాదు. వాలెట్ వున్నదని, రేకు ఎక్కడ వున్నదని, తెరవడానికి ఎవరి సాయం తీసుకోవాలని మాత్రం రాయాలి. తండ్రీ కొడుకులు కలిసి నడిపే కొట్టు అయితే మూడు తాళాలలో ఏ రెండైనా చాలునన్న వాలెట్ పెట్టుకోవచ్చు. అయితే దానిని ఏర్పరచడం తెలిసినవారి పని. గుమాస్తా ఎంత నమ్మకస్తుడైనా అతనికి మాటలు చెప్పడం అతని మీద అనవసరమైన భారం వేయడమే.

లెక్కలు

నాణెం ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన పన్ను తప్పదు. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు వున్నాయి. ఒక నాణెంలో నష్టాన్ని మరోదాని లాభంతో సరిపెట్టనివ్వరు. అదే సంవత్సరం జులై 1 నుంచి అమ్మకంపై 1 శాతం టి.డి.ఎస్. కూడా వచ్చింది. ఎక్స్ఛేంజిలో వున్నంత కాలం కొన్న ధర, తేదీ అక్కడే దొరికేవి. సొంత వాలెట్‌కు మారాక ఆ పుస్తకం యజమానే రాసుకోవాలి. కొన్న తేదీ, ధర, పరిమాణం, మార్చిన రోజు, లావాదేవీ నంబరు ఒక నోటుబుక్కులో వుంటే ఆడిటరు అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు. మార్చి ఆఖరున కొట్టు లెక్కలు ముగించే రోజునే లాకరు తెరిచి, స్టీలు రేకు మీది అక్షరాలు చదవడానికి వీలుగా వున్నాయో లేదో చూసుకుని, తిరిగి పెట్టి రావచ్చు.